మార్కు కనబడితే చెప్పినట్టేనా?

ఇంజినీరింగ్ కాలేజీ స్టాఫ్‌రూముల్లో ఇప్పుడు అన్ని ప్రశ్నలకూ ఒకటే జవాబు: ‘పోర్టల్‌లో పెట్టాం, చూసుకో.’ మిడ్‌లో మార్కులు ఎందుకు తగ్గాయని అడిగినా అదే, అసైన్‌మెంట్ అందిందా అని అడిగినా అదే, ల్యాబ్ రికార్డుకు ఎన్ని వేశారని అడిగినా అదే. అడిగింది విద్యార్థి అయితే లాగిన్ అవమంటారు, తండ్రి అయితే యాప్ దించుకోమంటారు. 2020 మార్చిలో తరగతులు మూతపడ్డాక మూడుల్, గూగుల్ క్లాస్‌రూమ్, కాన్వాస్ లాంటివాటిలో ఏదో ఒకటి తెచ్చుకోని కాలేజీని వెతుక్కోవాలి. వాటితోపాటు ఒక నమ్మకం కూడా వచ్చి కూర్చుంది. మార్కుల పుస్తకం ఆన్‌లైన్‌లో తెరిచిపెడితే దాపరికం పోయినట్టే, విద్యార్థికి చెప్పాల్సింది చెప్పినట్టే, రికార్డు పదిలంగా ఉన్నట్టే అన్నది ఆ నమ్మకం. అమ్మేవాళ్లు ఆ మాట అంటే అర్థముంది. పాఠం చెప్పేవాళ్లూ అదే అంటున్నారు, అదే చిక్కు.

ఈ వాదనలో నిజం లేదని ఎవరూ అనలేరు. పాత మార్కుల రిజిస్టర్ గురించి బెంగపడాల్సిన పని అసలే లేదు. అది బీరువాలో ఉండేది, తాళం హెచ్ఓడీ దగ్గర ఉండేది. ఇంటర్నల్స్ ఎన్ని వచ్చాయో సెమిస్టర్ ఫలితాలు వచ్చేదాకా తెలిసేది కాదు. సారుకు ఎదురు మాట్లాడినవాడికి నాలుగు తగ్గడం, సారు చుట్టూ తిరిగినవాడికి మూడు పెరగడం కాలేజీ కబుర్లలో మామూలు సంగతి. తెల్ల ఇంకు పూసి దానిమీద రాసిన అంకెను ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో దేవుడికే తెలియాలి. ఆ పద్ధతి పోవడం మంచిదే. ఎవరి వరుస వాళ్లకే కనిపించడం, మార్పు జరిగిన ప్రతిసారీ తేదీ పడడం చిన్న లాభాలేం కావు.

అయితే అంకె కనిపించడం ఒకటి, ఆ అంకె ఎలా వచ్చిందో తెలియడం మరొకటి. ఆ తెలిసిన సంగతిని విద్యార్థి వాడుకోగలగడం మూడోది. పోర్టల్ మొదటిది మాత్రమే చేస్తుంది. మిగతా రెండూ అదే చేసేసిందనుకుని కాలేజీలు చేతులు దులుపుకుంటున్నాయి.

లెక్క దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే ‘కంప్యూటర్ లెక్క తప్పదు’ అన్నదే ఈ నమ్మకానికి పునాది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి అమలవుతున్న ఆర్23 బీటెక్ నిబంధనల్లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఇంటర్నల్‌కు రెండు మిడ్‌లు ఉంటాయి. ఎక్కువ వచ్చిన మిడ్‌కు 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. ఒక అమ్మాయికి మొదటి మిడ్‌లో 20, రెండోదానిలో 25 వచ్చాయనుకుందాం. నిబంధన ప్రకారం ఆమెకు రావాల్సింది 24. గ్రేడ్‌బుక్‌లో మామూలు సగటు పెట్టి ఉంటే 22.5 కనిపిస్తుంది. వెయిటేజీ పెట్టారు గానీ 80ని ‘ఎక్కువ వచ్చిన మిడ్’కు కాకుండా ‘మొదటి మిడ్’ అన్న నిలువు వరుసకు అతికించారనుకోండి, అప్పుడు 21. అమ్మాయి ఒకతే, రాసిన పరీక్షలూ అవే, అంకెలు మాత్రం మూడు. మూడింటిలోనూ కూడిక తప్పు, గుణకారం తప్పు ఎక్కడా లేవు. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 నిబంధనల్లో రెండు మిడ్‌ల సగటే లెక్క. అక్కడ వాడిన కోర్సు నమూనాను ఎవరైనా యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే 22.5 ఎంతో ధీమాగా తెరమీద కూర్చుంటుంది.

ఇక మిడ్ రాయనివాళ్ల సంగతి. మొదటి మిడ్‌కు జ్వరంతో రాలేదు, రెండోదానిలో 25 వచ్చాయి. ఆర్23 ప్రకారం రానిదానికి సున్నా, వచ్చినదానిలో 80 శాతం, వెరసి 20. మూడుల్‌లో ‘ఖాళీ గ్రేడ్లను లెక్కలోకి తీసుకోవద్దు’ అనే అమరిక ఒకటుంది. ఎవరూ ముట్టుకోకపోతే అది అమల్లోనే ఉంటుంది. ఆ గడిని ఖాళీగా వదిలేసిన లెక్చరర్ కోర్సులో వెయిటేజీ సగటు 25 చూపిస్తుంది. విద్యార్థి ఆ 25 చూసి నిశ్చింతగా ఉంటాడు. సెమిస్టర్ చివర యూనివర్సిటీకి పంపే జాబితాలో 20 పడుతుంది. ‘సారు అయిదు కోశారు’ అని హాస్టల్లో గోల. కాన్వాస్‌లోనూ మూల్యాంకనం కాని పనులను పక్కన పెట్టే మొత్తం చూపిస్తారు. ‘గ్రేడ్ పడినవాటిని మాత్రమే లెక్కించు’ అన్న చోట టిక్ తీసేస్తే విద్యార్థి కళ్లముందే మొత్తం ఒక్కసారిగా పడిపోతుంది. టిక్ ఉన్నప్పుడు కనిపించింది నిజమా, తీసేశాక కనిపించింది నిజమా? రెండూ నిజమే, ప్రశ్నలు వేరు. ఇప్పటిదాకా ఎలా చదివావు అన్నదానికి మొదటిది జవాబు. ఇక ఏమీ ఇవ్వకపోతే ఎక్కడ తేలతావు అన్నదానికి రెండోది. ఈ రెండు ముక్కలు ఎవరో ఒకరు నోటితో చెప్పకపోతే తెర తనంతట తాను చెప్పదు.

నిబంధనను ముందే మాటల్లో చెప్పిన చోట పరిస్థితి వేరుగా ఉంటుందనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఎన్‌పీటీఈఎల్ కోర్సుల పేజీలోనే, చేరకముందే రాసి ఉంటుంది: 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లలో మెరుగైన 8 తీసుకుంటారు, వాటి సగటుకు 25 శాతం, పరీక్షకు 75 శాతం, సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కు కనీసం 10, పరీక్షలో 75కు కనీసం 30 రావాలి. అంటే అసైన్‌మెంట్లలో 9, పరీక్షలో 60 తెచ్చుకున్నవాడి మొత్తం 69 అయినా సర్టిఫికెట్ రాదు. 12, 30 తెచ్చుకుని 42తో బయటపడ్డవాడికి వస్తుంది. 69 అన్న అంకెను ఎంత పెద్ద అక్షరాలతో చూపించినా ఈ సంగతి అందులో దొరకదు. నిబంధన చదివినవాడికే దొరుకుతుంది. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా ఉండే స్వయం వేదిక క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవడానికి యూజీసీ 2016లో 20 శాతం దాకా, 2021లో 40 శాతం దాకా అనుమతించింది. ఆ క్రెడిట్లను లెక్కలోకి తీసుకునే కాలేజీలు తమ సొంత గ్రేడ్‌బుక్ విషయంలో ఎన్‌పీటీఈఎల్ పాటి శ్రద్ధ ఎందుకు చూపవో అర్థం కాదు.

సున్నా గురించి తెలుగువాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మొదటి సంవత్సరం మంచి మార్కులతో దాటిన ఒక అమ్మాయికి రెండో సంవత్సరం తెలుగులో 0 పడింది. మళ్లీ చూస్తే 99. పేపరు దిద్దినవారు ఓఎంఆర్ పత్రంలో 99కి బదులు 00 గడులు నింపారు, పరిశీలించాల్సినవారు చూడలేదు. అక్కడి నుంచి కంప్యూటర్ తన పని తాను నిక్కచ్చిగా చేసింది. 00ని 0గా చదివింది, కూడింది, ఫెయిల్ అని ముద్రించింది, వెబ్‌సైట్‌లో పెట్టింది. ఆ ఏడాది ఫలితాల గందరగోళం మీద ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీని వేయాల్సి వచ్చింది. ఫెయిలైనవాళ్లందరి జవాబుపత్రాలనూ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఆలోపే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నట్టు పత్రికలు రాశాయి. ప్రతి మరణానికీ ఒక తప్పు గడిని కారణంగా చూపడం తొందరపాటు. కానీ ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు. ఆ సున్నా దాచిపెట్టిన సున్నా కాదు. రాష్ట్రమంతా చూడగలిగే చోట, అంకెల్లో స్పష్టంగా ఉంది. కనిపించడం వల్ల అది సరి కాలేదు. ఇతర సబ్జెక్టుల్లో బాగా వచ్చిన పిల్లకు మాతృభాషలో సున్నా ఏమిటని ఫలితాలకు ముందు ఒక మనిషి అనుమానపడి ఉంటే సరయ్యేది.

కాలేజీ గ్రేడ్‌బుక్‌లో ఇలాంటివి నిత్యం జరుగుతూనే ఉంటాయి, పత్రికలకు ఎక్కవు. గైర్హాజరు, ఇంకా దిద్దలేదు, అప్‌లోడ్ కాలేదు, కాపీ కొట్టినందుకు రద్దు, నిజంగానే ఏమీ రాయలేదు: ఈ అయిదూ ఒకే గడిలో ఒకే సున్నాగా కూర్చోగలవు. మొదటి నాలుగింటికీ విద్యార్థి చదువుకూ సంబంధం లేదు. నాలుగు అసైన్‌మెంట్లలో మూడింట 80 చొప్పున తెచ్చుకున్నవాడి సగటు, అప్‌లోడ్ కాని ఒక్క ఫైలు వల్ల 60కి దిగుతుంది. ఆ 60ని చూసి మెంటర్ ‘నీకు సబ్జెక్టు పట్టులేదు’ అని మందలిస్తాడు. పిల్లవాడికి ఉన్నది నెట్ సమస్య.

అంకెకు అంత కచ్చితత్వం ఎక్కడిదన్న ప్రశ్న ఆన్‌లైన్‌కు ముందే పుట్టింది. అమెరికాలో డానియెల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ ఒకే జవాబుపత్రం నకళ్లను వందకు పైగా టీచర్లకు పంపి దిద్దించారు. 1913లో ప్రచురించిన ఫలితం: ఒకే జ్యామితి పేపరుకు 28 నుంచి 95 దాకా మార్కులు పడ్డాయి. వ్యాసాల్లోనో భాషలోనో తేడా వచ్చిందంటే సరిపెట్టుకోవచ్చు, ఇది జ్యామితి. ఇంత ఊగిసలాట ఉన్న సంగతిని గ్రేడ్‌బుక్ 73.46 అని రెండు దశాంశ స్థానాలతో చూపిస్తే, 73.46కూ 73.12కూ ర్యాంకులో తేడా కట్టే మన జబ్బుకు అది మందు కాదు, మేత.

తక్షణం తెలియజేయడం గొప్ప సుగుణమన్నది ఈ నమ్మకంలో రెండో అంతస్తు. దిద్దగానే మార్కు ఫోన్‌లో మోగాలి, ఆలస్యం చేస్తే దాపరికం అంటారు. ఒక సెక్షన్‌లో 60 పేపర్లు దిద్దే లెక్చరర్‌ను దగ్గర నుంచి చూస్తే ఈ మాట నిలవదు. మొదటి పది పేపర్లు దిద్దేటప్పుడు మూడో ప్రశ్నకు పూర్తి డెరివేషన్ లేదని సగం కోస్తారు. ఇరవయ్యో పేపరు దగ్గరికి వచ్చేసరికి, ప్రశ్నలోనే తికమక ఉందని, అందరూ అక్కడే ఆగారని తెలుస్తుంది. వెనక్కి వెళ్లి మొదటి పదీ మళ్లీ చూడడం నిజాయతీ ఉన్నవారి పని. కానీ ఆ పది మార్కులూ అప్పటికే ఆ పదిమంది ఫోన్లలో మోగిపోయి ఉంటే? 4 పడినవాడు రాత్రి పదకొండింటికి నిద్ర పాడుచేసుకుంటాడు, పొద్దున అది 7 అవుతుంది. పక్కవాడు ‘సార్‌ను పట్టుకుని వేయించుకున్నాడు’ అంటాడు. నిష్పక్షపాతంగా చేసిన సవరణ పక్షపాతంలా కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. గూగుల్ క్లాస్‌రూమ్‌లో టీచర్ వేసిన మార్కు ముందు చిత్తుప్రతిగానే ఉంటుంది. ‘రిటర్న్’ నొక్కేదాకా విద్యార్థికి కనిపించదు. కాన్వాస్‌లో మార్కులు వాటంతటవే బయటపడాలా, టీచర్ విడుదల చేసినప్పుడే బయటపడాలా అని ఎంచుకునే వీలుంది. మూడుల్‌లో ఫలానా తేదీ దాకా దాచి ఉంచమని చెప్పవచ్చు. ఈ సదుపాయాలను వాడొద్దని, అన్నీ వెంటనే చూపించాలని సర్క్యులర్ ఇచ్చే యాజమాన్యాలు సాఫ్ట్‌వేర్ కన్నా వెనకబడి ఉన్నాయి.

వెంటనే చెప్పినా, ఏం చెబుతున్నామన్నది అసలు ప్రశ్న. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో చాలామంది ఉదాహరించేదే. అయిదు, ఆరు తరగతుల పిల్లల్లో కొందరికి వ్యాఖ్యలు మాత్రమే ఇచ్చారు, కొందరికి మార్కులు మాత్రమే, మరికొందరికి రెండూ కలిపి. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ల ఆసక్తి, పనితీరు మెరుగ్గా ఉన్నాయి. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే మిగిలారు. అంకె పక్కనే ఉంటే కళ్లు అక్షరాల మీదికి పోవన్నమాట. 1996లో అవ్రహమ్ క్లూగర్, ఏంజెలో డెనిసి 607 ఫలితాలను పోగుచేసి చూస్తే, పనితీరు గురించి చెప్పడం సగటున మేలే చేసినా మూడోవంతుకు పైగా సందర్భాల్లో పని మరింత దిగజారింది. ‘ఎక్కువ చెప్పు, త్వరగా చెప్పు’ అన్నది తిరుగులేని సూత్రం కాదని తేలి ముప్పై ఏళ్లు కావస్తోంది. కాలేజీ గోడల దాకా ఆ కబురు ఇంకా రాలేదు.

చెప్పడం అంటే ఎలా ఉంటుందో చూద్దాం. ఎలక్ట్రికల్ సర్క్యూట్స్ అసైన్‌మెంట్‌లో 10కి 6 పడిన విద్యార్థికి పోర్టల్ పంపేది: ‘మీ గ్రేడ్ నవీకరించబడింది.’ అదే లెక్చరర్ వ్యాఖ్యల గడిలో ఇలా రాశారనుకోండి: ‘సర్క్యూట్ సరిగ్గానే గీశావు. రెండో లూప్‌కు కిర్కాఫ్ వోల్టేజ్ సమీకరణం రాసేటప్పుడు 4 ఓమ్‌ల రెసిస్టర్ దగ్గర గుర్తు తారుమారైంది, అక్కడి నుంచి లెక్కంతా పక్కదారి పట్టింది. పద్ధతికి 6 వేశాను. ఇదే తరహాలో అయిదో లెక్క ఉంది, చేసి మంగళవారం ట్యుటోరియల్‌కు పట్టుకురా.’ నాలుగు వాక్యాలే. ఏం వచ్చింది, ఎక్కడ తప్పింది, మార్కు ఎందుకు ఆగింది, ఇప్పుడేం చేయాలి అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. పైగా ఇది గ్రేడ్‌బుక్‌లోనే, ఆ మార్కు పక్కనే నిలిచి ఉంటుంది. రేపు ఆ లెక్చరర్ వేరే కాలేజీకి వెళ్లిపోయినా, తర్వాత వచ్చినవారు 6 ఎందుకు పడిందో చదువుకోవచ్చు. ఆన్‌లైన్ గ్రేడ్‌బుక్‌లో అన్నిటికన్నా విలువైన గడి ఇదే, అన్నిటికన్నా ఖాళీగా ఉండేదీ ఇదే.

ఆ గడి ఖాళీగా ఉన్నచోట సంభాషణంతా వాట్సాప్‌కు తరలిపోయింది. క్లాస్ గ్రూపులో సాయంత్రం ఒక పీడీఎఫ్ పడుతుంది: మొత్తం సెక్షన్ మిడ్ మార్కులు, హాల్‌టికెట్ నంబర్లతో. ‘పేర్లు పెట్టలేదు కదా’ అని సమర్థన. హాల్‌టికెట్ నంబరులో చివరి రెండు అంకెలు ఎవరివో తరగతిలో తెలియనిదెవరికి? అరగంటలో ఎర్రరంగు పూసిన స్క్రీన్‌షాట్ ఒకటి, దానికింద నవ్వే బొమ్మలు. 10 లోపు వచ్చినవాళ్లు రేపు హెచ్ఓడీని కలవాలని అదే గ్రూపులో హుకుం. ఎవరి వరుస వాళ్లకే చూపించే ఏర్పాటు డబ్బు పోసి కొనుక్కుని, దాన్ని పక్కనపెట్టి ఊరందరికీ చాటింపు వేయడమిది. కాన్వాస్‌లో ఫలానా మార్కు కన్నా తక్కువ వచ్చినవాళ్లకు, ఇంకా పని ఇవ్వనివాళ్లకు గ్రేడ్‌బుక్ నుంచే సందేశం పంపే మీట ఉంది. పదిమందికి పంపినా ఎవరిది వాళ్లకే విడివిడిగా చేరుతుంది, పక్కన ఇంకెవరున్నారో తెలియదు. చేయాల్సింది ఒక్క నొక్కు. అయినా గ్రూపులో వేస్తారు. పదిమంది ముందు అంటేనే బుద్ధి వస్తుందన్న పాత నమ్మకం కొత్త యాప్‌లోకి కూడా లాగిన్ అయింది.

అమెరికాలో ఈ గీత ఎక్కడ గీయాలన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఓక్లహోమా రాష్ట్రం ఒవాసోలో పిల్లలు ఒకరి పేపరు ఒకరు దిద్ది మార్కులు పైకి చదివేవాళ్లు. ఒక తల్లి అభ్యంతరం చెప్పింది. విద్యా రికార్డుల గోప్యత కోసం 1974లో వచ్చిన ఫెర్పా చట్టాన్ని ఇది ఉల్లంఘిస్తోందా అన్నది ప్రశ్న. 2002 ఫిబ్రవరిలో కోర్టు ఉల్లంఘన కాదంది. పిల్లవాడి చేతిలో ఉన్న పేపరు మీది అంకె ఆ దశలో సంస్థ భద్రపరిచే రికార్డు కాదని, కనీసం టీచర్ దాన్ని తీసుకుని మార్కుల పుస్తకంలో ఎక్కించేదాకా కాదని తేల్చింది. ఆ పుస్తకం రికార్డా కాదా అన్నది తేల్చకుండా వదిలేసింది గానీ, తరగతిగదిలో మాటకూ సంస్థ రికార్డుకూ మధ్య గడప ఎక్కడుందో చూపించింది. మన కాలేజీ పోర్టల్‌లో ఎక్కిన మార్కు ఆ గడప దాటేసినదే. మన దేశంలో 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన వివరాల్లో తప్పు ఉంటే సరిదిద్దమని అడిగే హక్కు ఇచ్చింది, 18 ఏళ్ల లోపువారిని పిల్లలుగా లెక్కించి వాళ్ల విషయంలో అదనపు జాగ్రత్తలు పెట్టింది. ఇంటర్ చదివే పిల్లల్లో ఎక్కువమంది ఆ లెక్కలోకి వస్తారు. మార్కుల పీడీఎఫ్‌లు ఎక్కువగా తిరిగేదీ వాళ్ల గ్రూపుల్లోనే.

తల్లిదండ్రుల మాట కూడా ఇక్కడే. ఫీజు కట్టేది మేము, ప్రతి మార్కూ మాకు తెలియాలి అన్నది న్యాయంగానే వినిపిస్తుంది. బీటెక్ రెండో ఏడాది కుర్రాడు ఓటు వేసే వయసువాడు. అమెరికా చట్టంలో అయితే కాలేజీలో చేరగానే రికార్డు మీద హక్కులు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి బదిలీ అవుతాయి. ఆ పద్ధతి మనకు అక్కర్లేదనుకున్నా, దిద్దడం పూర్తికాని మార్కును విద్యార్థి కన్నా ముందు తండ్రికి ఎస్ఎంఎస్ చేయడం ఎవరికీ మేలు చేయదు. గూగుల్ క్లాస్‌రూమ్ సంరక్షకులకు రోజుకోసారో వారానికోసారో పంపే ఈమెయిల్‌లో అందని పని, రాబోయే పని, తరగతిలో జరిగినది ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు చేయగలిగినది కూడా అదే: పని ఇవ్వలేదేమిరా అని అడగడం.

రికార్డు పదిలమన్న మూడో మాట వినడానికి మరీ ముచ్చటగా ఉంటుంది. మూడుల్‌లో ఎవరు ఏ మార్కును ఎప్పుడు మార్చారో చరిత్ర దొరుకుతుంది, నిజమే. కానీ ఎందుకు మార్చారో మనిషి రాస్తేనే ఉంటుంది. అక్కడే చాలామంది లెక్చరర్లు పడే గొయ్యి ఒకటుంది. అసైన్‌మెంట్ పేజీలో కాకుండా నేరుగా గ్రేడ్‌బుక్ పట్టికలోకి వెళ్లి 6ను 7 చేశారనుకోండి. ఆ గడి ‘చేత్తో మార్చినది’గా గుర్తుపడి అక్కడే బిగుసుకుపోతుంది. తర్వాత విద్యార్థి మళ్లీ పని ఇచ్చి, లెక్చరర్ అసైన్‌మెంట్ పేజీలో 9 వేసినా పట్టికలో 7 కదలదు, మొత్తం మారదు. ఇద్దరూ నిజమే చెబుతారు, ‘9 వేశాను’ అని ఒకరు, ‘7 ఉంది’ అని ఇంకొకరు. మధ్యలో జరిగిన సంభాషణేమో ఫోన్ చాట్‌లో ఉంది, ఫోన్ మారినప్పుడు పోయింది. రికార్డు ఒకచోట, కారణం ఇంకోచోట ఉంటే ఆన్‌లైన్ రిజిస్టర్ కూడా బీరువాలో రిజిస్టర్ అంత మూగదే. మార్కు మార్చిన ప్రతిసారీ పక్కన ఒక వాక్యం రాయాలన్న నియమం పెట్టడానికి ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కర్లేదు.

మన దేశంలో విద్యార్థి హక్కు అంకెతో ఆగిపోదని కోర్టు ఎప్పుడో చెప్పింది. 2011 ఆగస్టు 9న సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు, దిద్దిన జవాబుపత్రం సమాచార హక్కు చట్టం కింద ‘సమాచారమే’నని, రాసినవాడికి దాన్ని చూసే హక్కు ఉందని తీర్పిచ్చింది. బోర్డు మార్కులు అప్పటికే ఇచ్చింది, ఇవ్వనిది జవాబుపత్రం. మార్కు చూపించాం కదా, ఇంకేం కావాలి అన్న వాదన నిలవలేదు. పోర్టల్ గురించి ఇప్పుడు వినిపిస్తున్న వాదన దానికి తమ్ముడే. మిడ్ పేపరును సెక్షన్‌లో పంచి, పక్కన కూర్చుని తప్పులు చూపించే అలవాటు చాలా కాలేజీల్లో ఇదివరకు ఉండేది. ‘ఆన్‌లైన్‌లో ఉంది కదా’ అన్న సాకుతో దాన్నే ముందుగా ఎత్తేస్తున్నారు.

చివరికి మిగిలేది సమయం గొడవ. ఇది మాత్రం కొట్టిపారేయాల్సిన వాదన కాదు. మూడు సెక్షన్లు చెప్పే లెక్చరర్‌కు 180 మంది. ఒక్కొక్కరికి నాలుగు వాక్యాలు రాయడానికి మూడు నిమిషాలు వేసుకున్నా తొమ్మిది గంటలు. స్కూళ్లలో అయితే నాలుగు ఫార్మేటివ్, రెండు సమ్మేటివ్ పరీక్షల మార్కులను చాలాచోట్ల రిజిస్టర్‌లో ఒకసారి, పోర్టల్‌లో ఇంకోసారి ఎక్కించాలి. సర్వర్ మొరాయిస్తే రాత్రి ఇంటికెళ్లాక మూడోసారి. ఈ మనిషిని పట్టుకుని వ్యాఖ్యలు రాయలేదేమని నిలదీయడం అన్యాయం. కానీ దీనికి విరుగుడుగా ‘మార్కు కనిపిస్తోంది, చాలు’ అనడం మరింత అన్యాయం. ప్రతి అసైన్‌మెంట్‌కూ, ప్రతి ఒక్కరికీ రాయక్కర్లేదు. సెమిస్టర్‌లో ఒక్క పని మీద, అదీ మొదటి మిడ్‌కు ముందు, అందరికీ రాస్తే సెక్షన్‌కు మూడు గంటలు. ఇరవైమంది ఒకే తప్పు చేస్తే ఆ వ్యాఖ్యను ఒకసారి రాసి ఇరవైచోట్ల వాడుకునే వీలు ఈ సాఫ్ట్‌వేర్లలో ఉండనే ఉంది. రెండు చోట్ల ఎక్కించే చాకిరీలో ఒకదాన్ని తీసేస్తే ఆ మూడు గంటలూ అందులోంచే వస్తాయి. యాజమాన్యాలు సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు బడ్జెట్ రాస్తాయి, సర్వర్‌కు రాస్తాయి, ఒకరోజు శిక్షణకూ రాస్తాయి. టైమ్‌టేబుల్‌లో మాత్రం దిద్దడానికి, రాయడానికి ఒక్క పీరియడ్ కూడా కనిపించదు. వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్ వేసేటప్పుడు హెచ్ఓడీలు ముందుగా అడగాల్సింది ఆ పీరియడ్‌నే.